శేషాచలం కొండల్లో నడిచేవారికి ఎలాంటి కత్తి కావాలి

కొండల్లో ఒకటి రెండు రాత్రులు గడపడానికి సంచి సర్దుకునే కొత్తవారు మా బృందంలో ఎప్పుడూ అడిగే ప్రశ్నల్లో కత్తి గురించిన ప్రశ్న ఒకటి. ఏ కంపెనీది కొనాలి, ఎంత పొడవుండాలి, ఏ ఉక్కు మంచిది అని అడుగుతారు. ఆ కత్తితో ఏమేం కోయబోతున్నారో మాత్రం చాలామంది ఆలోచించి ఉండరు. ఎంపిక అక్కడి నుంచే మొదలు కావాలని నా గట్టి అభిప్రాయం. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కొండల్లో నడిచేవారికి కావలసినది చిన్నదీ, పలచనిదీ, తేలికైనదీ, అటవీ శాఖ ఉద్యోగి అడిగిన వెంటనే సంకోచం లేకుండా తీసి చూపించగలిగినదీ అయిన మడవని కత్తి. ఇలా ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను.

ఈ విషయంపై ఇంటర్నెట్‌లో దొరికే వీడియోలూ వ్యాసాలూ చాలావరకు స్వీడన్, ఫిన్లాండ్, కెనడా వంటి చలి దేశాల అడవుల అనుభవం నుంచి వచ్చినవి. అక్కడ మంచులో రాత్రి గడపాలంటే మంట ఉండి తీరాలి. పైన తడిసినా లోపల పొడిగా ఉండే దుంగను చీల్చుకోవాలి, అందుకోసం కత్తిని దుంగ మీద ఆనించి దాని వెన్ను మీద మరో కట్టెతో కొడతారు. ఆ దెబ్బలకు ఓర్చుకోవాలంటే అలుగు, అంటే పిడి బయట ఉండే ఉక్కు పలక, నాలుగైదు మిల్లీమీటర్ల మందం ఉండాలి, పిడి చివరి దాకా ఒకే ఉక్కు ముక్క సాగి ఉండాలి. నిప్పురవ్వలు రాల్చే కడ్డీని గీయడానికి వెన్ను అంచులు గుండ్రంగా కాక పలకగా ఉండాలి. ఆ అడవులకు ఆ సలహాలన్నీ సరైనవే. మన అడవి స్వభావం పూర్తిగా వేరు. శేషాచలం ఆకురాల్చే ఎండు అడవి, వేసవి వచ్చేసరికి నేలంతా ఎండుటాకులు పరుచుకొని ఉంటాయి. తలకోన జలపాతంతో సహా ఈ కొండల్లో పెద్ద భాగాన్ని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు, 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు ఏర్పడింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 30వ సెక్షన్ ప్రకారం రక్షిత అడవికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం నేరం. ఆ సెక్షన్ లేకపోయినా, మే నెలలో ఒక్క నిప్పురవ్వ ఇక్కడ ఏం చేయగలదో చూసినవారెవరూ చలిమంట కోసం అగ్గిపుల్ల గీయరు.

మంట లేదంటే దుంగను చీల్చే పని లేదు. ఆ పని లేదంటే మందమైన అలుగు, బరువైన పిడి, పలకగా ఉన్న వెన్ను అన్నీ అనవసరమైన మోతలే అవుతాయి. చలి దేశాల సలహాల్లో సగానికి పైగా ఈ ఒక్క కారణంతో మనకు వర్తించకుండా పోతాయి.

ఇక మన సంచిలోని కత్తి నిజంగా చేసే పనులేమిటో చూద్దాం. అన్నిటికన్నా ఎక్కువగా చేసే పని వంట. ఎర్రగడ్డలు, టమోటాలు, పచ్చిమిరపకాయలు తరగాలి, నిమ్మకాయ కోయాలి, దోసకాయ చెక్కు తీయాలి, వేసవిలో అయితే బేనీషా మామిడిపండు ముక్కలు చేయాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న సంగటి ముద్దకు తోడుగా ఊరుబిండి ఉన్నా పక్కన పచ్చి ఎర్రగడ్డ లేకపోతే మా బృందంలో ఎవరికీ ముద్ద దిగదు. వంట తరువాత తాళ్ల పని. నైలాన్ తాడును కావలసిన పొడవుకు కోయడం, చిక్కుపడి విడిపోని ముడిని తెగ్గోయడం, టార్పాలిన్ మూలకు చిన్న రంధ్రం చేయడం వంటివి ఉంటాయి. తరువాత మరమ్మతు పనులు. చెప్పు అడుగున విరిగి ఇరుక్కున్న తుమ్మ ముల్లును పెరికి తీయడం, సంచి పట్టీ చివర పోగులు లేస్తే కోయడం, గాయానికి వేసే ప్లాస్టరునూ గాజుగుడ్డనూ కత్తిరించడం. సరుకుల పొట్లాలు విప్పడం గురించి చెప్పనక్కర లేదు. ఈ పనుల్లో ఏదీ కొట్టే పని కాదు. అన్నీ కోసే పనులే, వాటిలోనూ చాలావరకు వేళ్ల కొసలతో నెమ్మదిగా చేసుకునేవి.

పచ్చి కొమ్మను నరకవలసిన అవసరం ఎక్కడా రాదు, రాకూడదు. కర్ర కావాలంటే ముందే ఇంటి నుంచి తెచ్చుకోవాలి, టెంటుకు మేకులు కావాలంటే అల్యూమినియంవి దొరుకుతాయి. పలమనేరు, బంగారుపాళ్యం వైపు తెలిసినవారి మామిడితోటలో గుడారం వేసుకున్నప్పుడు ఎండుకొమ్మ కొట్టుకునే వీలు ఉంటుంది గానీ, అక్కడ రైతు ఇంట్లో మచ్చుకత్తి ఎలాగూ ఉంటుంది. ఆ పనికి దానికి మించిన పనిముట్టు లేదు. దాన్ని అడిగి తీసుకొని పని చేసుకొని తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది.

చట్టం సంగతి చాలామంది పట్టించుకోరు కాబట్టి దీన్ని కాస్త నిలిపి చెప్పాలి. ఆయుధ చట్టం, 1959 కింద చేసిన నిబంధనల్లో అలుగు పొడవు 9 అంగుళాలు గానీ వెడల్పు 2 అంగుళాలు గానీ దాటిన కత్తులను ఆయుధాల కోవలో చేర్చారు. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకూ తయారైన వాటిని మాత్రం మినహాయించారు. నాలుగు అంగుళాల చాకు కొనేవారికి ఈ హద్దు దరిదాపుల్లోకి కూడా రాదు. అయితే రక్షిత అడవిలోకి అడుగుపెట్టగానే లెక్క మారుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘ఆయుధం’ అనే మాటను నిర్వచిస్తూ తుపాకులు, విల్లంబులు, వలలు, ఉచ్చులతో పాటు కత్తులను కూడా పేర్కొంది. 31వ సెక్షన్ ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి రాకూడదని చెబుతుంది. ఆ నియమం జాతీయ ఉద్యానవనాలకూ వర్తిస్తుంది. అక్కడ అంగుళాల పట్టింపు లేదు. అందువల్ల అడవిలో నడకకు అనుమతి కోసం దరఖాస్తు చేసుకునేటప్పుడే మా సామాన్ల జాబితాలో కూరగాయలు కోసే చాకు ఒకటి ఉంటుందని రాస్తాం. వద్దంటే ఇంట్లోనే వదిలేసి, కూరగాయలు ముందుగానే తరిగి డబ్బాల్లో తీసుకెళ్తాం, తాళ్లకు మొద్దుమొనల కత్తెర సరిపోతుంది.

ఈ కొండలకు సంబంధించిన మరో సంగతి కూడా ఉంది. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోని కొద్దిపాటి ప్రాంతంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు దాని స్వస్థలాలు. ఆ చెట్టు కోసం దొంగచాటుగా వచ్చేవారు ఉంటారు కాబట్టి అటవీ సిబ్బందీ, టాస్క్‌ఫోర్స్ పోలీసులూ రాత్రింబవళ్లు గస్తీ తిరుగుతుంటారు. అలాంటి చోట నడుముకు వేలాడే అడుగు పొడవు కత్తితోనో, సంచి పక్కన కట్టిన చేతి గొడ్డలితోనో కనిపించినవారిని ఆపి ప్రశ్నించడం వారి విధి. ఎండనకా వాననకా కాపలా కాసేవారికి అనవసరమైన అనుమానం కలిగించకపోవడం అడవిని ప్రేమించేవారి బాధ్యత అని నేను నమ్ముతాను. పసుపు పిడి, ఎరుపు పిడి ఉన్న చిన్న కత్తిని చూస్తే ఎవరికైనా అది వంట సామాను అని అర్థమవుతుంది. నల్లరంగు పూసి, వెన్ను మీద రంపపు పళ్లు చెక్కి, సైనికుల కత్తిలా కనిపించేలా చేసినదాన్ని చూస్తే అలా అనిపించదు. పైగా ఆ రంపపు పళ్లు కట్టెనూ సరిగా కోయవు, బొటనవేలితో వెన్నును నొక్కి పట్టుకోనూ ఇవ్వవు. ముదురు రంగు పిడి ఎండుటాకుల్లో పడితే దొరకదన్నది మరో ఇబ్బంది. రెండు వైపులా వాదర, అంటే కోసే అంచు, ఉన్న బాకు రకం కత్తులు అసలే వద్దు. క్యాంపు పనిలో రెండో వాదర వల్ల ఏ లాభమూ లేదు.

పొడవు విషయంలో నా కొలత ఇది. అలుగు మన అరచేతి వెడల్పుకన్నా కొంచెం ఎక్కువగా, 9 నుంచి 11 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. 8 సెంటీమీటర్లకు తగ్గితే మామిడిపండునో దోసకాయనో ఒక్క కోతలో కోయలేము. 13 దాటితే మొన మన వేళ్లకు దూరమైపోయి, ముల్లు తీయడం వంటి సున్నితమైన పనిలో అదుపు తప్పుతుంది.

పొడవుకన్నా మందం ముఖ్యమని నా అనుభవం. కొనేవారిలో దీన్ని అడిగేవారు మాత్రం తక్కువ. ఒకే పొడవున్న రెండు కత్తులు తీసుకోండి, ఒకటి 2 మిల్లీమీటర్ల మందం, మరొకటి 5 మిల్లీమీటర్లు. రెండింటి వాదరనూ ఒకే పదునుకు తెచ్చి ఒక్కో క్యారెట్టును కోసి చూడండి. పలచని కత్తి కింది దాకా నిశ్శబ్దంగా దిగుతుంది. మందమైన కత్తి సగం దాకా దిగిన తరువాత దుంగలో దిగగొట్టిన మేకులా క్యారెట్టును పక్కలకు నెట్టి, టప్పున పగలగొడుతుంది. వాదర ఎంత పదునుగా ఉన్నా దాని వెనుక ఉన్న లోహం కోసిన చోటుగుండానే పోవాలి కదా. ఎర్రగడ్డలో అయితే పొరలు విడిపోయి చెల్లాచెదురవుతాయి, టమోటా నలిగి రసం కారిపోతుంది. అదుపు కోసం ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది, ఎక్కువ బలం పెట్టినప్పుడే కత్తి జారి వేలు తెగుతుంది. అందువల్ల వెన్ను దగ్గర 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు మన పనులకు సరైన మందం. 3 మిల్లీమీటర్ల దాకా సర్దుకోవచ్చు. అంతకు మించితే అది చీల్చే కత్తి, కోసే కత్తి కాదు.

మందంతో పాటు వెన్ను నుంచి వాదర దాకా లోహాన్ని ఎలా సన్నబరిచారన్నది కూడా చూడాలి. స్వీడన్, ఫిన్లాండ్ కత్తుల్లో అలుగు సగానికి పైగా ఒకే మందంతో వచ్చి, కింది భాగంలో ఒక్క వెడల్పైన ఏటవాలు పలకతో వాదర దాకా దిగుతుంది. దీన్ని స్కాండీ అంటారు. చెక్క చెక్కడానికి ఇది చాలా బాగుంటుంది. పదును పెట్టేటప్పుడు ఆ పలకనే రాయికి ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది కనుక కొత్తవారికి సులువు. అయితే గట్టి కూరగాయల్లో ఆ పలక మొదలయ్యే గీత దగ్గర కొద్దిగా పట్టేస్తుంది. వెన్ను నుంచి వాదర దాకా ఒకే ఏటవాలుగా సన్నబడే ఫ్లాట్ గ్రైండ్ వంటకు దానికన్నా మెరుగు. రెండింటిలో ఏదైనా తీసుకోవచ్చు గానీ, స్కాండీ అయితే 2.5 మిల్లీమీటర్లు దాటనివ్వకండి.

మొన గురించి క్లుప్తంగా చెబుతాను. వెన్ను గీతకు కొద్దిగా దిగువన, మరీ సూదిలా కాకుండా ఉంటే ముల్లు తీయడానికీ రంధ్రం చేయడానికీ సరిపోతుంది. ఆ మొనతో డబ్బా మూతలు పెకలించకూడదు. చిత్తూరు బెల్లం అచ్చును మొనతో పొడిచి పగలగొట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది, దాన్ని గుడ్డలో చుట్టి రాయితో కొట్టడమే మేలు.

ఇక ఉక్కు. అమ్మేవారు దీన్ని పెద్ద రహస్యంలా చెబుతారు గానీ, మన అవసరానికి తెలియవలసినది కొద్దిగానే ఉంది. ఇనుములో కర్బనం తగినంత ఉంటే దాన్ని కాల్చి చల్లార్చి గట్టిపరచవచ్చు. క్రోమియం సుమారు 10.5 శాతం దాటితే దాని మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. అలాంటి దాన్నే స్టెయిన్‌లెస్ అంటాం. 1095 అనే కార్బన్ ఉక్కులో కర్బనం 0.95 శాతం దాకా ఉంటుంది, క్రోమియం దాదాపు ఉండదు. పదును బాగా పట్టుకుంటుంది, సానరాయికి త్వరగా లొంగుతుంది, తుప్పుకూ అంతే త్వరగా లొంగుతుంది. డి2 అనే ఉక్కులో క్రోమియం సుమారు 12 శాతం ఉన్నా కర్బనం 1.5 శాతం కావడంతో క్రోమియంలో కొంత కర్బనంతో కలిసి కార్బైడ్లనే గట్టి రేణువుల్లో చిక్కుకుపోతుంది. అందుకే అది పూర్తి స్టెయిన్‌లెస్‌గా పనిచేయదు. చాలా రోజులు పదును నిలుపుతుంది, పోయాక మాత్రం మామూలు రాయి మీద మళ్లీ తేవడం కష్టం. స్వీడన్‌లో తయారయ్యే 12సి27లో కర్బనం 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. కర్బనం మితంగా ఉండటం వల్ల క్రోమియం చాలావరకు తుప్పును ఆపే పనికే మిగులుతుంది, వాదర సన్నగా నిలుస్తుంది, సాన పట్టడమూ సులువు.

మన వాతావరణంలో నేను స్టెయిన్‌లెస్ వైపే మొగ్గుతాను. తిరుపతి వేసవిలో కొండ ఎక్కితే చేతి చెమట పిడి నుంచి అలుగు దాకా కారుతుంది, ఆ చెమటలో ఉప్పు ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో సంచిలో ఏదీ పొడిగా ఉండదు. దానికి తోడు మన వంటలో నిమ్మకాయ, చింతపండు, పచ్చిమామిడి లేని పూట ఉండదు. కార్బన్ ఉక్కు కత్తితో తోతాపురి కాయ కోస్తే ముక్కల అంచులు నల్లబడతాయి, నాలుకకు ఇనుము రుచి తగులుతుంది. కొంతకాలానికి అలుగు మీద బూడిదరంగు పొర ఏర్పడి ఈ ఇబ్బంది తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కార్బన్ ఉక్కును ఇష్టపడేవారు, వారి ఇష్టాన్ని నేను అర్థం చేసుకోగలను, ప్రతి వాడకం తరువాత కడిగి, తుడిచి, పలచగా కొబ్బరినూనె రాయాలి. అది తిండికి పనికొచ్చే నూనె కాబట్టి మళ్లీ కడగకుండానే టమోటా కోసుకోవచ్చు. నెలల తరబడి దాచేటప్పుడు మాత్రం కుట్టుమిషన్ నూనె రాసి, మళ్లీ వాడే ముందు సబ్బుతో కడగాలి. స్టెయిన్‌లెస్ అయినా ఉప్పుతడితో ఒరలో వదిలేస్తే మచ్చలు పడుతుందని మరువకూడదు.

కాఠిన్యం సంఖ్యల వెంట పరుగులు తీయవలసిన పని లేదు. రాక్‌వెల్ సి కొలమానంలో 56 నుంచి 58 మధ్య ఉన్న ఉక్కు కొండల్లో ఒక చిన్న రాయితో మళ్లీ పదునెక్కుతుంది. 62 ఉన్న ఉక్కుకు అలా పదును తేవడం కష్టం, బలంగా రాయికి తగిలితే వాదర పెచ్చులూడుతుంది.

రాయి మాట వచ్చింది కాబట్టి మన కొండల రాయి గురించి ఒక హెచ్చరిక. తిరుమల ఘాట్ రోడ్డులో ప్రయాణించినవారు చూసే ఎర్రని నిలువు బండలు క్వార్ట్‌జైట్. వాటికన్నా ఎంతో పాతదైన గ్రానైటు మీద అవి పేరుకొని ఉన్న చోటును భూగర్భ శాస్త్రవేత్తలు జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఈ కొండల్లోని కోనల్లో అడుగడుగునా కనిపించే నున్నని బండలూ చాలావరకు అదే రాయి. ఆ రాయిలో ఉండేది చాలావరకు క్వార్ట్జ్ ఖనిజమే, దాని కాఠిన్యం మోస్ కొలమానంలో 7, గట్టిపరచిన కత్తి ఉక్కుకన్నా ఎక్కువ. వాగు పక్కన చదునుగా, శుభ్రంగా కనిపించే బండ మీద ఎర్రగడ్డ తరిగితే రెండు మూడు కోతలకే వాదర మొద్దుబారుతుంది. పలచని ప్లాస్టిక్ కోత పలక ఒకటి, అరచేతి అంత, సంచిలో వేసుకుంటే దాని బరువు తెలియదు. అది లేనప్పుడు స్టీలు డబ్బా మూత మీద కోయడం కూడా బండ మీద కోయడం లాంటిదే. ప్లాస్టిక్ డబ్బా మూత వాడండి.

సాన పట్టడానికి ఇనుప సామాన్ల దుకాణాల్లో దొరికే రెండు ముఖాల కార్బొరండం రాయి ఇంట్లో చాలు. గరుకు ముఖం మీద మొదలుపెట్టి, ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల కోణంలో, వాదరకు అవతలి వైపు సన్నని గరుకు వేలికి తగిలేదాకా రుద్ది, తరువాత నున్నని ముఖం మీద రెండు వైపులా తేలికగా ఆ గరుకును పోగొట్టాలి. స్కాండీ కత్తికైతే డిగ్రీల లెక్క అక్కర లేదు, పలకను రాయికి పూర్తిగా ఆనిస్తే చాలు. నడకలో ఉన్నప్పుడు తోలు బెల్టు లోపలి వైపు వెన్ను ముందుకు పోయేలా కొన్నిసార్లు లాగితే రెండు రోజుల వంటకు కావలసిన పదును తిరిగి వస్తుంది.

పిడి లోపలికి దిగే ఉక్కు చివరి దాకా ఉండాలా అన్న ప్రశ్నకు నా సమాధానం, మన పనులకు అక్కర లేదు. స్వీడన్‌లోని మోరా పట్టణంలో తయారయ్యే కత్తుల్లో బాగా ప్రచారంలో ఉన్న కంపానియన్ నమూనాలో ఆ ఉక్కు పిడి చివరి దాకా పోదు. అయినా ఎంతోమంది దాన్ని ఏళ్ల తరబడి వాడుతున్నారు. ఆ కత్తి అలుగు 104 మిల్లీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లు, ఒరతో కలిపినా బరువు 120 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. పైన చెప్పిన కొలతలన్నింటికీ సరిపోతుంది కాబట్టి కొత్తవారికి నేను మొదట చూపించేది దాన్నే. పిడి మీద రబ్బరు పూత ఉండటం వల్ల చెమటకు జారదు. పిడి ముందు భాగంలో వేలు వాదర మీదికి జారకుండా చిన్న అడ్డు ఉంటే మంచిది. ఆ అడ్డు పెద్దదైతే కోత పలక మీద కత్తి పూర్తిగా ఆనదు. 450 గ్రాముల బరువైన కత్తిని మోసేవారు దాని బదులు చిన్నది తీసుకుంటే మిగిలే బరువుకు మూడో వంతు లీటరు నీళ్లు తీసుకెళ్లవచ్చు. వేసవిలో ఈ కొండల్లో ఆ నీళ్ల విలువ నడిచినవారికే తెలుస్తుంది.

క్యాంపు కోసమే ప్రత్యేకంగా చేసిన కత్తి కొనడం తప్పనిసరేమీ కాదు. స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ తయారుచేసే పండ్లు కోసే చాకు, 8 లేదా 10 సెంటీమీటర్ల అలుగుతో, 2 మిల్లీమీటర్లకన్నా పలచగా, పాత్రల దుకాణాల్లో దొరుకుతుంది. దానికి గట్టి ఒర ఒకటి అమర్చుకుంటే కొండ మీద వంటకు దానికన్నా బాగా కోసే కత్తి నేను చూడలేదు. దాని బలహీనత అంతా పక్కకు వంచే పనుల్లోనే. అలాంటి పనులు చేయనివారికి అదే చాలు.

మా ప్రాంతపు కొలిమిలో చేయించుకోవడం మరో మార్గం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పీలేరు వైపు ఒక పల్లెలో కొడవళ్లు సాగదీసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, లారీ కమాను పట్టీతో ఒక కత్తి చేసిపెట్టమని అడిగాను. ఆయన సుత్తి పక్కన పెట్టి, “దేనికి నాయనా?” అని అడిగారు. “కొండకు పోతాం తాతా, కూరగాయలు కోసుకోను, తాడు కోసుకోను” అన్నాను. “ఆ పనికి ఇంత మందమెందుకు? మామిడాకు మాదిరి పల్చగా సాగదీస్తా, తీసుకొనిపో” అన్నారు. ఇన్ని కొలతలూ సంఖ్యలూ చదివిన తరువాత నేను చేరుకున్న చోటుకు ఆయన ఒక్క ప్రశ్నతో చేరుకున్నారు. ఎర్రగా కాలిన అలుగును వాదర వైపు మాత్రమే ముంచి చల్లార్చి, వెన్నును మెత్తగా వదిలారు. ఆ మెత్తదనం వల్లనే కత్తి వంగుతుంది గానీ విరగదు. కొలిమి కత్తి తీసుకునేటప్పుడు ఆకురాయితో వాదరకు దగ్గరగా తేలికగా ఒక గీత గీసి చూడాలి. ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిపడిందని అర్థం, పట్టుకొని కొరికితే మెత్తగా ఉందని అర్థం. కమాను పట్టీ ఉక్కు స్టెయిన్‌లెస్ కాదు కాబట్టి నూనె సేవ తప్పదు.

జంతువుల నుంచి రక్షణకు కత్తి కావాలని కొందరు అంటారు. చిరుత గానీ ఎలుగుబంటి గానీ కత్తి అందేంత దగ్గరికి వచ్చిందంటే ఆ కత్తి కాపాడదు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడి జరిగిన తరువాత తిరుమల తిరుపతి దేవస్థానం భక్తుల చేతికి ఇచ్చినది కర్ర. గుంపుగా నడవడం, మాట్లాడుకుంటూ నడవడం, చీకటి పడకముందే క్యాంపు చేరడం, ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం వైపు స్థానిక సిబ్బంది మాట వినడం, ఇవే రక్షణ. కత్తి ఎంచుకునేటప్పుడు ఈ ఆలోచనను పూర్తిగా పక్కన పెడితేనే సరైన కత్తి దొరుకుతుంది.

ఒర విషయంలో తోలు చూడటానికి ఎంత అందంగా ఉన్నా వానాకాలానికి పనికిరాదు. తడిసిన తోలు రోజుల తరబడి ఆరదు, లోపలి కత్తిని తుప్పు పట్టిస్తుంది. అడుగున నీరు కారిపోయే రంధ్రం ఉన్న గట్టి ప్లాస్టిక్ ఒర మేలు, కడగడానికీ సులువు. కొనేముందు కత్తిని ఒరలో పెట్టి, పిడి కిందికి వచ్చేలా తలకిందులుగా పట్టుకొని నాలుగైదు సార్లు గట్టిగా విదిలించండి. ఊడి వచ్చే ఒరను ఎట్టి పరిస్థితుల్లోనూ తీసుకోవద్దు. నడిచేటప్పుడు కత్తి నడుముకు కాదు, సంచి లోపల వంట సామాన్ల డబ్బాలో ఉండాలి. బస్సులోనూ రైల్లోనూ అంతే. రేణిగుంట నుంచి విమానం ఎక్కేవారు దాన్ని చేతి సంచిలో పెట్టుకోకూడదు, లోపలికి పంపే సామానులో చుట్టి పెట్టాలి. కోసేటప్పుడు కూర్చొని, వాదర కదిలే దారిలో తొడ గానీ రెండో చెయ్యి గానీ లేకుండా చూసుకోవాలి. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, కొండ మీద నుంచి తిరుపతి ఆసుపత్రికి చేరడానికి పట్టే సమయం చాలా ఎక్కువ.

తిరుమల మీదుగా వెళ్లే దారులకు మాత్రం ఈ వ్యాసంలో చెప్పినదేదీ వర్తించదు. అలిపిరి తనిఖీ కేంద్రం దాటి ఏ రకమైన కత్తినీ తీసుకెళ్లకూడదు, అది ఎంత చిన్నదైనా సరే. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటికి పాపవినాశనం నుంచి నడిచేటప్పుడు నా సంచిలో నీళ్లు, అటుకులు, ఇంట్లోనే ముక్కలు చేసిన పండ్లు ఉంటాయి. కత్తిని ఇంట్లోనే వదిలి వెళ్తాను.